చెప్పి కొట్టిన కత్తి

మా పిన్ని పోయిన వార్త నాకు రెండుసార్లు చేరింది. మొదటిసారి మా ఊరి భాలుబాసా పేటలో ఆమె పక్కింటావిడ ఫోన్ చేసింది. పొద్దున్న ఎంత కొట్టినా తలుపు తీయకపోతే లోపలికి వెళ్ళి చూశామని, నిద్రలోనే వెళ్ళిపోయిందని ఏడుస్తూ చెప్పింది. రెండోసారి, నేను ఆదిత్యపూర్ నుంచి ఆటోలో వంతెన దాటుతుండగా, మా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో వచ్చింది. "మన మేనేజరు గారు కథానాయకుడిగా నటించిన నాటకాలలో సహాయ నటిగా అందరినీ మెప్పించిన కళాకారిణి ఇక లేరు" అని రాసి, కింద దణ్ణం పెట్టే చేతుల బొమ్మలు వరసగా పెట్టారు.

మొదటి వార్తకి ఏడుపు వచ్చింది. రెండోదానికి ఆ ఏడుపు ఆగిపోయింది. సహాయ నటి అన్న మాట మీద నా వేలు ఆగి, ఆటో దిగేదాకా అక్కడే ఉండిపోయింది.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు కోపం పక్కన పెట్టాలంటారు. నేను పెట్టలేకపోతున్నాను. ఇంటి పద్దు రాసేటప్పుడు ఏది ఎవరి పేరు కింద ఉండాలో వాళ్ళ పేరు కిందే రాయడం నా అలవాటు. మా పిన్ని పేరు కింద ఉండాల్సింది ఇన్నేళ్ళూ ఇంకొకరి పేరు కింద రాశారు. ఆమె పోయిన రోజు కూడా అలాగే రాశారు. నా కోపమంతా ఇదే. ఇంతకంటే పెద్ద కారణం నా దగ్గర లేదు.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. ఇక్కడి తెలుగు బడిలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయింది. మెడలో ఈల లేకుండా ఆమెను నేను చూసింది తక్కువ. ఒకసారి సాక్చి బజార్లో జనంలో తప్పిపోయిన బాబాయిని ఈల ఊది పిలిచింది. బజారంతా ఆగి చూసింది. బాబాయి మాత్రం సంచీ పట్టుకుని తలొంచుకుని వచ్చేశారు. ఆయన పోయాక, పిల్లలు లేరు కాబట్టి ఆమెకు నేనూ మా అమ్మాయీ మిగిలాం. ఆమె నెమ్మదైన మనిషి అని, అణకువ గల మనిషి అని సంతాప సభలో ఎవరో అన్నారు. అబద్ధం. కూరగాయల బండివాడి నుంచి సంఘం అధ్యక్షుడి దాకా ఆమె నోటికి దొరకని మనిషి లేడు.

ఆమె తండ్రి, అంటే మా తాతయ్య, విజయనగరం వైపు నుంచి హిందీ మాట్లాడే ఈ ఊరికి, ఉక్కు ఫ్యాక్టరీ పనికి వచ్చాడు. వస్తూ తాలింఖానా తెచ్చుకున్నాడు. తాలింఖానా అంటే మా వైపు కర్రసాము, కత్తిసాము నేర్పే చోటు. నేర్పే విద్యనీ అదే పేరుతో పిలుస్తారు. క్వార్టరు వెనక ఖాళీ జాగాలో, డ్యూటీ దిగి వచ్చాక, అంచులు మొండి చేయించిన ఉక్కు కత్తులతో ఆయన నేర్పేవాడు. మా మేనమామ ఎగ్గొట్టి తిరిగేవాడు. పిన్ని ఎవరూ పిలవకుండానే వెళ్ళి నిలబడేది.

మా అమ్మమ్మ అరిచేదట. "ఆడగుంటకి కత్తేటి? రేపు దీన్నెవడు సేసుకుంటాడు?"

తాతయ్య జవాబు మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. "గుంటడు రానన్నాడు. గుంట వత్తానంది. రానన్నోడికి నేర్పమంటావేటి?"

ఆ తాలింఖానాలో ఒక కట్టుబాటు ఉండేది. కొట్టేవాడు ఎక్కడ కొడుతున్నాడో ముందు నోటితో చెప్పాలి. "తల" అని, తలకి కొట్టాలి. "భుజం" అని, భుజానికి కొట్టాలి. ఎదుటివాడు విని కాచుకోవాలి. చెప్పకుండా తగిలిస్తే తాతయ్య ఆ రోజుకి కత్తి లాక్కునేవాడు. "సెప్పి కొడితే సాము. సెప్పకుండా కొడితే దొంగతనం" అనేవాడని పిన్ని చెప్పేది. ఈ కట్టుబాటు గుర్తుంచుకోండి. తర్వాత అవసరం పడుతుంది.

నా చిన్నప్పుడు ఊళ్ళో ఒక హాల్లో ఆదివారం పొద్దుటి ఆటకి తెలుగు సినిమా వేసేవారు. ఎక్కువగా పాత జానపదాలే వచ్చేవి. కోటలు, గుహలు, మారువేషాలు, చివర్లో కత్తియుద్ధం. పిన్ని నన్ను తీసుకెళ్ళేది. ఆమె వెళ్ళేది ఆ చివరి యుద్ధం కోసమే. పాటలొస్తే నా భుజం మీద తలవాల్చి నిద్రపోయేది. కత్తి చప్పుడు వినగానే లేచి కూర్చునేది.

"ఒలే గుంటా, కత్తి సూడకు. కాళ్ళు సూడు" అనేది.

మొదట్లో నాకు అర్థం కాలేదు. కత్తియుద్ధంలో కాళ్ళెందుకు? చూడగా చూడగా తెలిసింది. కత్తి ఎవరైనా తిప్పగలరు. బరువు ఏ కాలి మీద ఉందో, వెనక్కి వేసిన అడుగు ఎక్కడ పడుతుందో తెలిసినవాడే నిజంగా పోరాడుతున్నట్టు కనిపిస్తాడు. కాళ్ళు చూపించకుండా మొహాలూ మోచేతులూ మాత్రమే చూపిస్తే పిన్ని పకపకా నవ్వేది. "కెమెరా దూరంగా నిలబడిందంటే ఆళ్ళకి కత్తి వొచ్చు. మొకం మీదకి వొచ్చేసిందంటే రాదు. రాని సంగతి దాసడానికే అంత దగ్గిరికి వొచ్చింది."

ఆమె కోపాలు ఆమెకుండేవి. తోలు ఒరలోంచి కత్తి లాగితే గంట మోగినట్టు చప్పుడు పెట్టే సినిమాలంటే మండిపడేది. "ఉక్కు ఊర్లో కూకున్నోళ్ళకి ఉక్కు సప్పుడు తెల్దనుకున్నారేటి?" అని హాల్లోనే పెద్దగా అనేది. ముందు వరస వాళ్ళు తిరిగి చూస్తే వాళ్ళ మీద ఈల తీసేది. అలుపు రాని హీరో అంటే ఆమెకు అసహ్యం. ఇంతమందిని నరికినవాడి ఊపిరి వినిపించాలి, చొక్కా తడవాలి, మణికట్టు వాలిపోవాలి అనేది.

ఆమె గొప్పదని ఒప్పుకున్న యుద్ధం ఒకటుంది. ఆ సినిమా పేరు నాకు గుర్తు లేదు. కత్తి నేర్పిన ముసలి గురువూ, రాజుకి ఎదురు తిరిగిన శిష్యుడూ కోట మెట్ల మీద తలపడతారు. గురువు రాజు ఉప్పు తింటున్నవాడు, తప్పుకోలేడు. శిష్యుడు పైకి వెళ్ళాలి, ఆగలేడు. పోరాడుతూ పోరాడుతూ ముసలాయన ఆయాసపడి గోడకి ఆనుకుంటాడు. శిష్యుడు ఆ ఒక్క క్షణంలో పొడిచేయొచ్చు. పొడవడు. కత్తి దించి, ఆయన ఊపిరి తిరిగేదాకా ఒక మెట్టు కింద నిలబడతాడు. హాల్లో జనం అరుస్తున్నారు, పొడవరా అని. పిన్ని నా చెయ్యి పట్టుకుంది. "ఆగేడు సూడు. యుద్దం అక్కడుంది" అంది.

ఇంటికి నడుస్తూ అదే మాట సాగదీసింది. ఇద్దరి మధ్యా ఏముందో తెలియకపోతే అది వంటింట్లో గిన్నెలు పడ్డ చప్పుడే. ఒకడు కత్తితో అడగాలి, ఇంకొకడు కత్తితో జవాబు చెప్పాలి. హీరో గెలుస్తాడని టికెట్టు కొన్నప్పుడే అందరికీ తెలుసు. ఒక్క క్షణం, వీడు ఓడిపోతాడేమో అని భయం వేయాలి. "ఆ బయం హీరో ఇవ్వలేడు. అది ఇచ్చీవోడు ఓడిపోయీవోడే. ఆడికి కత్తి వొచ్చి ఉండాల. పడ్డం అంతకన్నా బాగా వొచ్చి ఉండాల."

ఆమె అప్పటికే ఓడిపోయేవాడి వేషం వేస్తోందని ఇప్పుడు లెక్క కట్టుకుంటే తెలుస్తోంది.

సంఘం వార్షికోత్సవానికి ఏటా ఒక జానపద నాటకం వేసేవారు. కత్తియుద్ధం నేర్పడానికి పిన్నిని పిలిచారు. ఒక ఏడు ప్రతినాయకుడి వేషం వేయాల్సినాయనకి ఆఖరి నిమిషంలో నైట్ డ్యూటీ పడింది. నాటకం ఆగిపోతుందని అందరూ తల పట్టుకుంటే పిన్ని మీసం అంటించుకుని కిరీటం పెట్టుకుంది. అంతే. ఆ తర్వాత ఎవరూ ఆ వేషం ఇంకొకరికి ఇవ్వలేదు. హీరో వేషం కూడా ఇంకొకరికి ఇవ్వలేదు. అది ఎప్పుడూ మేనేజరు గారిదే.

అప్పటికి ఆయన మేనేజరు కాదు, కుర్ర ఇంజనీరు. ఎత్తు ఉంది, రంగు ఉంది, పద్యం ఎత్తుకుంటే వెనక బెంచీలు కూడా నిశ్శబ్దం అయ్యేంత గొంతు ఉంది. కత్తి మాత్రం గరిటె పట్టుకున్నట్టు పట్టుకునేవారు. ఇది పిన్ని మాట. రోజూ గరిటె పట్టుకునేదాన్ని కాబట్టి నాకు అది గరిటెని తక్కువ చేసినట్టనిపిస్తుంది. రిహార్సల్‌కి రమ్మంటే మీటింగు ఉందనేవారు, షట్‌డౌన్ ఉందనేవారు. "స్టేజీ మీద చూసుకుందాంలెండి" అనేవారు. పిన్ని బడి అయ్యాక వచ్చి, రాని హీరో చోట ఒక కుర్చీని నిలబెట్టి, దాని చుట్టూ తిరిగి సాధన చేసుకునేది. కుర్చీ నయం, చెప్పినచోట ఉంటుంది అనేది.

మొదటి ఏడు స్టేజీ మీద, హాలు నిండా జనం ఉండగా, మేనేజరు గారు కత్తి ఎత్తి అలాగే బిగుసుకుపోయారు. ఏం చెయ్యాలో ఒక్కటీ గుర్తు లేదు. అప్పుడు పిన్నికి తాతయ్య కట్టుబాటు పనికొచ్చింది. పళ్ళ మధ్య నుంచి "తల" అంది. ఆయన కత్తి తల మీదకి ఎత్తారు. ఆమె దెబ్బ దాని మీద పడి ఖంగుమంది. "భుజం" అంది. అక్కడ కాచుకున్నారు. ఆయన కొట్టాల్సి వచ్చినప్పుడు "నా భుజం" అంది. ఆయన ఆమె భుజానికి కొట్టారు, ఆమె కాచుకుంది. ఇక ప్రతి ఏడూ అదే పద్ధతి. ఉత్తి "తల" అంటే నీ తల కాచుకో అని. "నా తల" అంటే నన్ను కొట్టు అని. చివర్లో "నా గుండె" అనేది. ఆయన పొడిచేవారు. ఆమె మెట్ల మీద నుంచి దొర్లి, జనానికి వీపు చూపించి చచ్చిపోయేది. ఆయన మొహం మీద లైటు పడేది.

సినిమాలో అయితే కత్తి రాని హీరోని ముక్కలు ముక్కలుగా తీసి అతికిస్తారు. వెనక్కి తిరిగినప్పుడు ఇంకొకణ్ణి పెడతారు. స్టేజీ మీద ఆ వీలు లేదు. అతికించే పని, వెనక్కి తిరిగే పని, ఫైటు మాస్టరు పని అన్నీ మా పిన్ని తన నోటితో చేసింది. అది కూడా ఎవరికీ తెలియకుండా, విలన్‌లా కళ్ళెర్రజేస్తూ.

జనం ఏమనుకున్నారో చెప్తే నవ్వొస్తుంది. విలన్ పళ్ళు కొరుకుతూ శాపాలు పెడుతోందనుకున్నారు. ఆ గొణుగుడు చూసి పిల్లలు జడుసుకునేవారు. ఒక ఏడు సంఘం వాళ్ళు షీల్డు ఇచ్చారు. దాని మీద "ఉత్తమ ప్రతినాయకుడు" అని చెక్కించారు. వేదిక మీద పెద్దాయన ఒకరు "ఆ పెదవుల కదలికలో ఎంత క్రౌర్యం" అని పొగిడారు. పిన్ని షీల్డు తీసుకుని, దిగి వచ్చి, నా పక్కన కూర్చుని, చీరచెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

"ఏటే పిన్నీ అంత నవ్వు?"

"క్రౌర్యం కాదే. ఇంజనీరు బాబుకి డ్రిల్లు సెప్పేను."

ఆమె నవ్వింది. నేను నవ్వలేదు. నాకు ఆ రోజు నుంచే ఈ కోపం ఉంది. పెళ్ళయి పిల్ల పుట్టాక కూడా, వార్షికోత్సవం అయిన ప్రతిసారీ ఆమెతో పోట్లాడేదాన్ని. నువ్వెందుకు ఒక్కసారి గెలవవు? కథ మార్చమని అడుగు. కనీసం ఒక ఏడు ఇద్దరూ కత్తులు దించేసినట్టు పెట్టమను. నీకు కత్తి వచ్చు, ఆయనకి రాదు, ఇది ఇన్ని సంవత్సరాలు ఎలా నడుస్తుంది? ఒకసారి ఆమె వంకాయలు తరుగుతుంటే ఎదురుగా కూర్చుని గట్టిగానే అడిగాను.

కత్తిపీట మీద నుంచి కాలు తీయకుండా చెప్పింది. "నాను గెలిత్తే ఆడు పడాల కదేటి. ఆడికి పడ్డం రాదే. నడుం ఇరగ్గొట్టుకుంటాడు."

ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఆమె మీదే కోపం వస్తుంది. అంత మంచితనం అవసరమా అనిపిస్తుంది. వెంటనే, అది మంచితనం కాదని కూడా తెలుస్తుంది. ఆమె ఆ యుద్ధం బాగుండాలనుకుంది. ఎవరు గెలిచారన్నది ఆమెకు రెండో సంగతి. నాకు మాత్రం అదే మొదటి సంగతి.

చివరి సంవత్సరాల్లో ఆమె మా టీవీలో కొత్త సినిమాలు చూసేది. హీరో ఒక్కడే వందల మందిని గాల్లోకి లేపేవాడు, రక్తం చుక్కలు నెమ్మదిగా ఎగిరేవి. పిన్ని లేచి వెళ్ళి నా పప్పు మాడకుండా చూసేది. మా అమ్మాయి, అప్పటికి కాలేజీ పిల్ల, వెనక నుంచి అరిచేది. "అమ్మమ్మా, దేఖో నా, క్యా షాట్ హై!"

"ఆ సచ్చిపోతన్నోళ్ళలో ఒక్కడికైనా మొకం ఉందేటే?" అని వంటింట్లోంచి అడిగేది.

ఆమె పోయాక సంఘం వాళ్ళు సంతాప సభ పెడతామన్నారు. ఆఖరి నాటకం వీడియో మా ఇంట్లో ఉంది. సాక్చిలో పెళ్ళిళ్ళు తీసే స్టూడియో వాళ్ళు ఒకే కెమెరాని హాలు మధ్యలో నిలబెట్టి, కదపకుండా తీసింది. అందులో ఇద్దరూ తల నుంచి కాళ్ళ దాకా కనిపిస్తారు. దాంతో ఒక చిన్న వీడియో చేసిమ్మని కార్యదర్శి మా అమ్మాయిని అడిగాడు. ఆ పిల్ల ఇప్పుడు ఆదిత్యపూర్‌లో ఒక వర్క్‌షాపులో డిజైన్ పని చేస్తోంది, ఇలాంటివి బాగానే వచ్చు. రెండు రోజులు కూర్చుని చేసి, నాకు చూపించింది.

డప్పులు మోగుతున్నాయి. మేనేజరు గారి మొహం పెద్దదిగా. కత్తి నెమ్మదిగా తిరుగుతోంది. మళ్ళీ మొహం. పిన్ని చెయ్యి, పిన్ని కిరీటం, పిన్ని వీపు, పడిపోవడం. అయిపోయింది.

"కాళ్ళేవే?" అన్నాను.

"మమ్మీ, కాళ్ళు ఎవరు చూస్తారు? ఆజ్‌కల్ ఐసా హీ చల్తా హై. పూరా డాలేంగే తో సబ్ బోర్ హో జాయేంగే." ఈ రోజుల్లో ఇలాగే నడుస్తుందట, మొత్తం పెడితే అందరికీ విసుగట.

"మీ అమ్మమ్మ జన్మంతా దేన్ని చూసి తిట్టిందో సరిగ్గా అదే చేశావు."

దానికీ కోపం వచ్చింది. రెండు రోజుల నిద్ర పోగొట్టుకున్న పిల్ల. "ఠీక్ హై, అసలుది విను. అందులో కుఛ్ భీ లేదు, ఖాలీ ఖట్ ఖట్" అని సంగీతం తీసేసి మొత్తం వీడియో పెట్టింది. నిజంగానే కాసేపు ఖట్ ఖట్. తర్వాత స్టేజీ ముందు వేలాడగట్టిన మైకుకి అందిన ఒక గొంతు, సన్నగా, తొందరగా. తల. భుజం. నడుం. నా తల.

అమ్మాయి వీడియో ఆపింది. "అమ్మమ్మ క్యా బోల్ రహీ హై? ఏమంటోంది?"

దానికి నేను ఎప్పుడూ చెప్పలేదు. పిన్నీ చెప్పలేదు. అప్పుడు చెప్పాను. అది తను చేసిన వీడియోని నా ముందే తుడిచేసింది. "పూరా చలాయేంగే, మొత్తం వేద్దాం" అంది.

కార్యదర్శి ఒప్పుకోలేదు. నేనే ఫోన్ చేశాను.

"అక్కా, మూడు నిమిషాలే టైం ఉంది. అయినా మ్యూజిక్ నేకుండా ఏసీమంటే ఎలగక్కా? ఆ మాటలన్నీ ఇనిపిత్తాయి. మేనేజరు గారు ఫీలవుతారు. పెద్ద మనిసి, ముందు వరసలో కూకుంటారు."

"మా పిన్ని ఫీలయిందేమో అని ఎవరైనా ఎప్పుడైనా అడిగారా?"

"అది కాదక్కా, ఇప్పుడెందుకు ఆ గొడవ, పోయిన మనిసి..."

"పోయిన మనిషి సభే కదా. పోయిన మనిషి గొంతు వినిపిస్తే గొడవెలా అవుతుంది? మొత్తం వెయ్యకపోతే మేం రాము. ఆమె బంధువులు లేకుండా చేసుకోండి సభ."

"సరేనక్కా, అలగే ఏద్దాం. మీ పిన్ని నోరే వొచ్చింది నీకు" అన్నాడు. నా గురించి అంతకంటే మంచి మాట ఎవరూ అనలేదు.

సభ రోజు పిన్ని ఫొటోకి దండ వేశారు. బడి గ్రౌండ్లో తీసిన ఫొటో అది, మెడలో ఈల ఉంది. ఎవరెవరో మాట్లాడారు. అణకువ అన్నది అప్పుడే. చివరికి మేనేజరు గారు మైకు తీసుకున్నారు. ఆయనకీ వయసు మీదపడింది, కర్ర సాయంతో లేచారు. గొంతు మాత్రం అదే.

"ఆవిణ్ణి నేను ఎన్నిసార్లు చంపానో నాకే గుర్తులేదు" అన్నారు. హాలంతా నవ్వింది. "ఎన్నిసార్లు చంపినా మళ్ళీ ఏడాదికి మీసం పెట్టుకుని వచ్చేసేది. ఈసారే నన్ను మోసం చేసి వెళ్ళిపోయింది." మళ్ళీ నవ్వు, కొందరు కళ్ళు తుడుచుకున్నారు. "ఏం నటన అండీ! పళ్ళు కొరుకుతూ ఏదో గొణుగుతూ మీదకి వస్తుంటే స్టేజీ మీద నాకే భయం వేసేది."

మర్చిపోయారో, మర్చిపోయినట్టు చెప్పారో నాకు తెలియదు. ఆ రెండిట్లో ఏది నయమో కూడా తెలియదు. పక్కన మా అమ్మాయి లాప్‌టాప్ మీద వేలు పెట్టుకుని కూర్చుంది. ఆయన కూర్చున్నారు. లైట్లు తీశారు. అది వీడియో పెట్టింది.

సంగీతం లేదు. పెద్ద తెర మీద ఇద్దరు మనుషులు, కాళ్ళతో సహా. కత్తులు తాకాయి. ఉక్కు చప్పుడు, అసలుది. ఆ తర్వాత పిన్ని గొంతు.

"తల."

ఎవరో కిసుక్కుమన్నారు. "భుజం" అనగానే ఇంకొంచెం మంది నవ్వారు, హాస్యం అనుకున్నారు కాబోలు. "నడుం. నా భుజం. ఎనక్కి, మెట్టుంది. సూసుకో." ఒక్కో మాట వెనకే మేనేజరు గారి కత్తి సరిగ్గా ఆ చోటికి కదులుతోంది. నాలుగు దెబ్బలు అయ్యేసరికి నవ్వులు ఆగిపోయాయి. అర్థమైంది అందరికీ. తెర మీద మేనేజరు గారు పైమెట్టు దగ్గర ఆయాసపడి ఆగిపోయారు. ఆయన కత్తి వాలిపోయింది. ఇలాంటి చోటే పిన్ని ప్రతి ఏడూ ఆయన చుట్టూ పులిలా తిరిగేది, జనం ఈలలు వేసేవారు. ఆ రోజు వీడియోలోనూ ఈలలు ఉన్నాయి. వాటి కింద పిన్ని గొంతు కూడా ఉంది.

"అలుపొచ్చిందేటి బాబూ? నిలబడు. ఊపిరి తీసుకో. నాను నీ సుట్టూ తిరుగుతాను."

సహాయ నటి అని రాసింది ఎవరో గానీ, ఆ మాటకి అర్థం తెలియకుండా రాశారు. నేను తెర చూడలేకపోయాను. పక్కకి తిరిగాను. ముందు వరసలో, తెర వెలుగులో, మేనేజరు గారు కనిపించారు. చేతికర్ర నేల మీద పడి ఉంది. ఆయన దాన్ని తీసుకోలేదు.

"తల" అంది పిన్ని.

ఆయన కుడిచెయ్యి కుర్చీ మీద నుంచి లేచింది. ఖాళీ చెయ్యి. నుదుటికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"భుజం."

చెయ్యి భుజానికి వచ్చింది. పక్కన కూర్చున్నవాళ్ళు ఆయన్నే చూస్తున్నారు. ఆయన ఎవరినీ చూడటం లేదు. నడుం అంటే నడుముకి, మోకాలు అంటే మోకాలికి, ఆ ముడతల చెయ్యి చెప్పినచోటికల్లా వెళ్తోంది. ఒక్కటీ తప్పలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆమె నేర్పింది ఆ చేతిలో ఉంది. నా కోపం ఆ చెయ్యి చూసి తగ్గిందని రాస్తే అబద్ధం అవుతుంది. తగ్గలేదు. కానీ ఆ చేతిని చూడకుండా ఉండలేకపోయాను.

తెర మీద పిన్ని పైమెట్టు ఎక్కింది. కత్తి కొంచెం పక్కకి జరిపి, ఛాతీ తెరిచి నిలబడింది.

"నా గుండె" అంది.

తెర మీద కత్తి ముందుకి వచ్చింది. పిన్ని మెట్ల మీద నుంచి దొర్లింది. ముందు వరసలో మేనేజరు గారి చెయ్యి మాత్రం ఒడిలోనే ఉంది, వేళ్ళు ముడుచుకుని. లేవలేదు.